మైనం కాచిన తెలుపు

రంజాన్ నెల సగం గడిచిందంటే మార్కాపురం, కంభం, గిద్దలూరు బజార్లలోని బట్టల దుకాణాల ముందు కలంకారీ వస్త్రాలు వరుసగా వేలాడుతాయి. దుపట్టాలు, చీరలు, దుప్పట్లు, చేతిసంచులు, చివరకు జానిమాజ్‌లు సైతం ఆ పేరుతోనే అమ్ముడవుతున్నాయి. కొనేవారు ఎందరో ఉన్నారు. ఆ పేరు ఎక్కడిదని, ఆ పని ఎలాంటిదని అడిగేవారు మాత్రం బహు తక్కువ.

'కలం' అరబీ నుంచి వచ్చిన మాట. దివ్య ఖుర్ఆన్‌లోని 68వ సూరాకు ఆ పేరే ఉంది. 'కారీ' పారశీక పదం, పని అని అర్థం. కలంతో చేసిన పని కనుక కలంకారీ. తెలుగు తీరంలో, తెలుగు చేతుల్లో వర్ధిల్లిన విద్యకు ఈ రెండు భాషలు కలిసి పేరు పెట్టాయి. ఆ విద్యలో రంగు పూసే కలం ఒకటి. రంగు అంటకుండా మైనం పెట్టే కలం ఇంకొకటి. మొదటిది నేటికీ మిగిలి ఉంది. రెండవది దాదాపు కనుమరుగైంది. ఈ వ్యాసం ఆ రెండవ కలం గురించి.

కొండకు తెలిసిన సరుకులు

మన పశ్చిమ ప్రకాశానికి అద్దకంలో పేరు లేదు. మార్కాపురం అనగానే ఎవరికైనా గుర్తుకు వచ్చేది పలక. అయితే నల్లమల అంచున నిలబడి చూస్తే కలంకారీకి కావలసిన ముడి సరుకుల్లో మూడు మనకు చిరపరిచితాలే. మొదటిది కరక్కాయ. మన ఇళ్లలో దగ్గుకు బుగ్గన పెట్టుకునే ఈ కాయ అద్దకంలో బట్టకు తొలి స్నానం. రెండవది తేనెమైనం. చెట్ల మీద, కొండ చరియల్లో పట్టిన తేనెను చెంచులు దించి తెస్తారు. తేనె పిండిన తరువాత మిగిలిన పట్టును కరిగించి వడకడితే మైనం వస్తుంది. మూడవది నీలిమందు. 1970లో జిల్లా ఏర్పడే వరకు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. పాత మద్రాసు రాజధానిలో నీలి పంటకు పేరొందిన జిల్లాల్లో కడపతో పాటు కర్నూలు కూడా ఉంది.

ఈ మూడింటితో బట్ట మీద పూదోటలు పెంచిన చేతులు మాత్రం మనకు తూర్పున, సముద్రపు ఒడ్డున ఉన్నాయి. వాటిని చూడాలన్న కోరికతోనే మొన్నటి సెలవుల్లో పెడనకు ప్రయాణమయ్యాను.

పెడన దారి

మార్కాపూర్ రోడ్డు స్టేషనులో రైలెక్కితే దొనకొండ, వినుకొండ, నరసరావుపేట మీదుగా గుంటూరు చేరవచ్చు. అక్కడి నుంచి బెజవాడ, గుడివాడ దాటితే మచిలీపట్నానికి ముందు పెడన వస్తుంది. కందిచేలు, ఎర్రనేలలు, బోడికొండలు వినుకొండ దాటేసరికి వెనుకబడిపోతాయి. గుడివాడ తరువాత కంటికి ఆనేంత మేరా వరిచేలు, కాలువలు. నీటి కోసం ట్యాంకరు రాక చూసే మన ఊళ్ల వారికి ఆ కాలువలను చూస్తుంటే మనసు చివుక్కుమంటుంది. కానీ అద్దకం అక్కడెందుకు నిలిచిందో ఆ కాలువలే చెబుతాయి. ఒక్కొక్క రంగు వేసిన తరువాత బట్టను పారే నీటిలో ఉతకాలి. నిలవ నీటిలో ఉతికితే విడిచిన రంగు తిరిగి బట్టకే అంటుకుంటుంది.

నేను వెళ్లిన పనిశాల పెద్ద రేకుల షెడ్డు. పొడవైన బల్లలు, వాటిపై మెత్తగా పరచిన గోనెలు, బల్ల పక్కన రంగు తొట్లు, గోడ వారగా గూళ్లలో వందల సంఖ్యలో టేకు అచ్చులు. తీగ, మొగ్గ, ఆకు, సరుగుడు వంటి పొడవాటి సర్వు చెట్టు, మెహరాబు వంపు అన్నీ అచ్చులుగా చెక్కి ఉన్నాయి. మచిలీపట్నం పనికి గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో పారశీక వర్తకుల ఆదరణ లభించింది. అందువల్ల అక్కడ పూలు, లతలు, మెహరాబులు పెరిగాయి. శ్రీకాళహస్తిలో దేవాలయాల ఆదరణ వల్ల పురాణ గాథల బొమ్మలు పెరిగాయి. రూపాలు వేరైనా రెండు చోట్లా కరక్కాయ ఒకటే, పటిక ఒకటే, మైనమూ ఒకటే.

మొదట గుడ్డలోని గంజి, జిడ్డు పోయేలా ఉతికి, కరక్కాయ నీటిలో ముంచి ఆరబెడతారు. అప్పుడది లేత పసుపు వన్నెకు తిరుగుతుంది. ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో రోజుల తరబడి పులియబెట్టిన ద్రవాన్ని అచ్చుతో అద్దితే, కరక్కాయ వగరు తగిలిన చోట అది నల్లబడుతుంది. ఇందులో మదరసా వారికి పరిచితమైన విషయం ఒకటుంది. వగరు, ఇనుము కలిస్తే పుట్టే ఈ నలుపే పూర్వపు వ్రాతప్రతుల్లో వాడిన సిరాల్లో ఒక రకం. కితాబు వ్రాసిన సిరా, బట్ట మీది నల్ల గీత ఒకే ఇంటి బిడ్డలు.

తరువాత పటిక ద్రవాన్ని ఎరుపు రావలసిన చోట మాత్రమే అద్దుతారు. ఉతికి, రంగునిచ్చే వేరో చెక్కో వేసిన నీటిలో ఉడికిస్తే పటిక తగిలిన చోట ఎరుపు నిలుస్తుంది. తగలని చోట నిలవదు. పూర్వం ఈ ఎరుపు చిరువేరు నుంచి వచ్చేది. కోస్తా ఇసుక నేలల్లో పెరిగే ఆ చిన్న మొక్క వేరు కోసం నిజాంపట్నం తీరం పేరు 17వ శతాబ్దపు ఐరోపా వర్తకుల వ్రాతల్లోకి ఎక్కింది. 1868లో జర్మనీ రసాయనవేత్తలు అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారు చేసిన తరువాత చిరువేరు తవ్వే పని క్రమంగా తగ్గిపోయింది.

మైనం ఎందుకు?

ఎరుపుకు పటిక హద్దు గీస్తుంది. నీలానికి అలాంటి హద్దు లేదు. నీలిమందుకు పటిక అక్కరలేదు. తొట్టిలో ముంచితే గుడ్డ అంతటికీ అంటుకుంటుంది. నీలిమందు మామూలు నీటిలో కరగదు. పులియబెట్టిన తొట్టిలో అది పసుపు పచ్చని ద్రవంగా మారి నూలు లోపలికి ఇంకుతుంది. గుడ్డను పైకి తీసి గాలికి పట్టగానే కళ్ల ముందే ఆకుపచ్చై, ఆపై నీలంగా మారుతుంది. ఇంకిన తరువాత ఎంత ఉతికినా రాదు. అరబీలో అద్దకాన్ని 'సబ్గ్' అంటారు. దివ్య ఖుర్ఆన్ (2:138)లో అల్లాహ్ రంగు ప్రస్తావన వచ్చిన చోట ఉన్న 'సిబ్గత్' అనే మాట ఆ ధాతువు నుంచే పుట్టింది. ఆ మాటలోని బలం నీలి తొట్టి ముందు నిలబడినప్పుడు బాగా బోధపడుతుంది. పైన పూసింది వేరు, లోపలికి ఇంకింది వేరు.

అంతగా ఇంకే రంగు నుంచి అప్పటికే వేసిన ఎరుపును, నలుపును, వాటి మధ్యనున్న తెలుపును కాపాడేదెలా? అందుకే మైనం. నీలం రావలసిన చోటు వదిలి మిగిలిన గుడ్డనంతా కరిగిన మైనంతో కప్పేవారు. సన్నని చోట్లకు ఇనుప మొన కలిగిన కలం ఉండేది. ఆ మొనకు కొంచెం పైన వెంట్రుకలో నారో ఉండగా చుట్టేవారు. వేడి మైనాన్ని ఆ ఉండ పీల్చుకుంటుంది. వేలితో ఒత్తిన కొద్దీ మైనం మొనకు దిగుతుంది. మైనం పెట్టిన గుడ్డను కొంచెంసేపు ఎండకు చూపితే అది మెత్తబడి వెనుక వైపుకు కూడా దిగేది. లేకపోతే నీలం వెనుక నుంచి దొంగలా వచ్చి చేరుతుంది.

ఈ పద్ధతిలోని బుద్ధి సూక్ష్మతను గమనించండి. తేనెమైనం సుమారు 62 డిగ్రీల వేడికే కరుగుతుంది. ఎరుపుకు మరిగే నీరు కావాలి. కనుక ఎరుపు ముందు, మైనం తరువాత. నీలి తొట్టి మాత్రం అంత వేడి లేకుండానే పనిచేస్తుంది. కనుక మైనం చెక్కుచెదరదు. నీలం అయ్యాక గుడ్డను మరిగే నీటిలో వేస్తే మైనం కరిగి పైకి తేలుతుంది. దానిని తీసి మళ్లీ వాడుకోవచ్చు. ఎరుపు లోపల వెంట్రుక వాసి తెల్ల గీత నిలవాలంటే మాత్రం పటిక వేయకముందే అక్కడ మైనపు గీత గీసేవారు. చివరగా పసుపును కలంతో పూసేవారు. నీలం మీద పసుపు పడితే ఆకుపచ్చ. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో, ఇతర సంగ్రహాల్లో ఉన్న మన పాత వస్త్రాల్లో ఆకులు చాలా చోట్ల నీలంగా కనిపిస్తాయి. కళాకారుడు నీలపు ఆకులు వేయలేదు. పై పసుపు కాలగతిలో వెలిసిపోయింది, లోపలి నీలం మాత్రం మిగిలింది.

రంగు నుంచి బట్టను కాపాడే ఉపాయం మైనం ఒక్కటే కాదు. 2022 వరకు మన జిల్లాలోనే ఉన్న చీరాలలో నూలుకు ముందుగానే దారపు కట్లు కట్టి, కట్టిన చోట రంగు ఎక్కకుండా చూసి, ఆ తరువాత నేసేవారు. అదే తేలియా రుమాలు. ఆముదపు కాయల బూడిద, నూనె పట్టించిన ఆ ఎర్రని నల్లని రుమాళ్లు అరబ్బు దేశాలకు ఓడల మీద వెళ్లి అక్కడివారి తలపాగాలయ్యాయి. అక్కడ కట్టు, ఇక్కడ మైనం. ఏది ఎక్కడ కప్పాలో ముందే తెలిసి ఉండటం రెండింటికీ ప్రాణం.

సముద్రాలు దాటిన చీటిగుడ్డ

మన పెద్దలు పూల అద్దకపు బట్టను చీటిగుడ్డ అనేవారు. ఆంగ్లేయులు దానినే 'చింట్జ్' అన్నారు. మంచం మీద పరిచే 'పలంగ్‌పోష్' వారి నోట 'పాలంపూర్' అయింది. 17వ శతాబ్దం ఆరంభంలో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు మచిలీపట్నంలో వర్తకానికి దిగారు. గోల్కొండ రేవు నుంచి ఇరాన్‌కు, ఆగ్నేయాసియాకు, ఐరోపాకు ఈ గుడ్డ వెళ్లింది. ఉతికినా పోని రంగు ఐరోపాను అబ్బురపరచింది. అక్కడి నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్సు 1686లో అద్దకపు నూలు వస్త్రాలను నిషేధించి 1759 వరకు ఆ నిషేధాన్ని కొనసాగించింది. ఇంగ్లండు మొదట 1701 నుంచి దిగుమతిని అడ్డుకుంది. 1721లో ధరించడాన్ని కూడా నిషేధిస్తూ చట్టం చేసింది.

ఒకవైపు నిషేధాలు సాగుతుండగానే మరోవైపు రహస్యం తెలుసుకునే ప్రయత్నాలు జరిగాయి. తెలుగు నేర్చి, తెలుగు–ఫ్రెంచి నిఘంటువు కూర్చిన కేర్దూ అనే ఫ్రెంచి పాద్రీ 1742లో వ్రాసిన లేఖలో ఈ అద్దకపు పనిని మొదటి నుంచి చివరి దాకా వివరించి స్వదేశానికి పంపాడు. కరక్కాయ, పాలు, పటిక, మైనం, నీలి తొట్టి ఏదీ వదలలేదు. 1917లో మద్రాసు కళాశిక్షణాలయ అధికారి హాడవే మన రాజధానిలోని అద్దకాలపై ఒక గ్రంథం ప్రచురించాడు. అంటే మైనపు విద్య పుస్తకాల్లో భద్రంగానే ఉంది. మరి పోయిందేమిటి?

తెగిన సనద్

పనిశాలలో డెబ్బై దాటిన ఒక పెద్దాయన పాత అచ్చులను నూనె గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు. మైనం గురించి అడిగాను.

"మా నాయన పెట్టేవాడు మౌల్వీ గారూ. పొయ్యి మీద మైనం ఎంత కాగాలో ఆయన పొగ చూసి చెప్పేవాడు. ఎక్కువ కాగితే గుడ్డ మీద పాకిపోద్ది, తక్కువ కాగితే పైపైనే ఉండి పెళ్లలూడిపోద్ది. నేను చూశానే గానీ నా చేతికి రాలేదు."

"చూశారు కదా పెద్దాయనా, ఇప్పుడు పెట్టలేరా?" అన్నాను.

"చూసింది వేరు, చేతికొచ్చింది వేరు. ఒక్క చీరకి మైనం పెట్టి, ముంచి, ఉడకేసి, మైనం తీసేసరికి అవతల మిషను మీద వంద చీరలు దిగుతాయి. కొనేవాళ్లు రెంటికీ ఒకటే ధర అడుగుతారు. ఇంక ఎవరు నేర్చుకుంటారండీ?"

ఆ మాట వినగానే నా వృత్తి నాకు గుర్తుకు వచ్చింది. తజ్వీద్ నియమాల పుస్తకాలు ప్రతి మదరసాలో ఉన్నాయి. 'దాద్' అనే అక్షరం నాలుక ఏ పక్క తగిలితే పలుకుతుందో వాటిలో వ్రాసి ఉంటుంది. అయినా ఆ పుస్తకం చదివి దాద్‌ను సరిగా పలికిన విద్యార్థిని నా ముప్పై ఏళ్ల బోధనలో ఒక్కరినీ చూడలేదు. ఉస్తాద్ నోటి నుంచి విని, ఆయన ముందు పలికి, దిద్దించుకోవాలి. అందుకే మన పెద్దలు గ్రంథంతో పాటు సనద్‌ను కాపాడారు. ఎవరి నుంచి ఎవరు నేర్చారన్న గొలుసు అది. కేర్దూ లేఖలో మైనం పెట్టాలని ఉంది. మైనపు పొగ ఎలా ఉన్నప్పుడు కలం ముంచాలో ఏ కాగితమూ నేర్పలేదు. అది ఆ తండ్రి కంటిలో ఉండేది. ఆ గొలుసు కొడుకు దగ్గర తెగింది.

ఈనాడు పెడనలోనూ, శ్రీకాళహస్తిలోనూ ఎక్కువ పనిశాలల్లో మైనం దశ లేదు. నీలాన్ని నేరుగా పూస్తారు, లేదా అద్దుతారు. 1897లో కృత్రిమ నీలి బజారులోకి వచ్చాక నీలి చేలు మాయమయ్యాయి. మన కంభం, గిద్దలూరు చేలల్లో ఇప్పుడు ఆ పైరును గుర్తుపట్టేవారే అరుదు. కరక్కాయ, అచ్చు, కలం మిగిలి ఉన్నందుకు సంతోషించాలి. 1950ల చివరలో కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం రాకపోయి ఉంటే ఆ కలం కూడా మిగిలేది కాదేమో.

మైనం అంతటా చావలేదు. మన తీరపు బట్టను శతాబ్దాల పాటు కొన్న జావా ద్వీపంలో అది సజీవంగా ఉంది. అక్కడి స్త్రీలు 'చాంతింగ్' అనే చిన్న రాగి ముక్కు పనిముట్టుతో కరిగిన మైనాన్ని గీతలు గీతలుగా పోస్తారు. దానిని బాతిక్ అంటారు. 2009లో యునెస్కో దానిని మానవజాతి వారసత్వంగా గుర్తించింది. ముస్లిములు అధిక సంఖ్యలో ఉన్న ఆ దేశంలో శుక్రవారం నాడు ఉద్యోగులు బాతిక్ చొక్కాలు ధరించి కార్యాలయాలకు వెళ్లడం ఆనవాయితీ. సుమత్రాలోని బెంకులు ప్రాంతంలో అరబీ లిపిని తలపించే బాతిక్ కూడా ఉంది. అక్కడ కూడా యంత్రాలున్నాయి, చౌక అద్దకాలున్నాయి. అయినా కట్టుకునేవారు ఉన్నందువల్ల నేర్చుకునేవారు ఉన్నారు.

తడిసిన ధాన్యం

దైవప్రవక్త (సఅసం) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలోకి చేయి పెట్టి చూశారు. పైన పొడిగా ఉన్న ధాన్యం లోపల తడిగా తగిలింది. వాన పడిందని వర్తకుడు చెప్పుకున్నాడు. అలాగైతే కొనేవారికి కనబడేలా తడిసిన దానిని పైన ఉంచవలసిందని ఆయన హితవు పలికి, మోసగించేవాడు తమవాడు కాడని హెచ్చరించారు. ఈ హదీసును మనం పప్పు, పాలు, నెయ్యి వ్యాపారాలకు వర్తింపజేస్తాం. బట్టకు కూడా వర్తింపజేయాలి. యంత్రం మీద ముద్రించిన గుడ్డను అమ్మడంలో తప్పు లేదు. పేద ఇంటి ఆడబిడ్డకు చౌకలో అందమైన దుపట్టా దొరకడం మంచిదే. కానీ దానిని చేతిపని కలంకారీ అని చెప్పి అమ్మడం పొడి ధాన్యం కింద తడి ధాన్యం దాచడమే.

కొనేటప్పుడు మన స్త్రీలు కొన్ని గుర్తులు చూసుకోవచ్చు. గుడ్డను తిరగేయండి. చెట్ల రంగులతో అద్దిన గుడ్డలో వెనుక వైపు కూడా రంగు కనబడుతుంది. పైపూత ముద్రణలో వెనుక వెలవెలబోతుంది, ముట్టుకుంటే రంగు ఉన్న చోట బిరుసుగా తగులుతుంది. అచ్చుకు అచ్చు కలిసే చోట చిన్న తేడా, సన్నని ఎడం ఉంటే అది చేతి గుర్తు. గజం పొడవునా వెంట్రుక వాసి తేడా లేకుండా ఉంటే అది యంత్రం. బాతిక్‌లో మైనం చిట్లిన చోట రంగు పాకి నరాల్లాంటి గీతలు పడతాయి. ఆ గీతలు ప్రతి జానకూ ఒకేలా వస్తున్నాయంటే ఆ చిట్లులను కూడా యంత్రమే ముద్రించిందన్నమాట.

అన్నిటికంటే సులభమైన మార్గం అడగటం. "ఇది చేత్తో అద్దిందా, మిషనుదా?" అని దుకాణదారును అడగండి. తెలియదని చెప్పినా అది నిజాయితీ గల జవాబే. పదిమంది అడిగితే పదకొండవ వారికి జవాబు సిద్ధంగా ఉంటుంది. మన దుకాణదారులు కూడా రెండు రకాలనూ వేరు వేరు అరల్లో, వేరు వేరు పేర్లతో పెట్టవచ్చు. దానివల్ల వ్యాపారం తగ్గదు. కొనేవారి నమ్మకం పెరుగుతుంది.

మార్కాపురం వారికి ఈ బాధ కొత్త కాదు. ఒకప్పుడు బడికి వెళ్లే ప్రతి బిడ్డ చేతిలో మన పలక ఉండేది. మా మదరసాలో 'అలిఫ్' దిద్దినదీ దాని మీదనే. పలక పోయి నోటుపుస్తకం వచ్చింది, ఆపై ప్లాస్టిక్ పలక వచ్చింది. మన రాయి ఇప్పుడు ఇళ్ల గోడలకు, నేలకు బిళ్లలుగా వెళుతోంది. ఊరికి పలకల పేరు మిగిలింది, ఆ పలక చెక్కిన చేతులు పని మార్చుకున్నాయి. పేరు మిగిలి పని పోవడమంటే ఏమిటో మనకంటే బాగా తెలిసినవారు లేరు. కలంకారీ విషయంలో ఆ గతి పూర్తిగా పట్టకముందే మేలుకొనడం సాధ్యమే.

ఇంట్లో పెళ్లి జరిగినప్పుడు, మసీదుకు ముసల్లాలు కొనవలసి వచ్చినప్పుడు, పదింటిలో ఒక్కటైనా పెడన నుంచో, శ్రీకాళహస్తి నుంచో నేరుగా చేయించండి. మైనపు పని ఇంకా తెలిసిన చెయ్యి ఎక్కడైనా ఉంటే వెదికి అడగండి. ఆలస్యమవుతుందంటే ఓపిక పట్టండి, ధర ఎక్కువంటే బేరం తగ్గించుకోండి, సొమ్ములో కొంత ముందుగానే ఇవ్వండి. ఆ పెద్దాయనకు మనవడు ఉన్నాడు. ఇంటర్ చదువుతూ సెలవు రోజుల్లో అచ్చు కొడుతున్నాడు. మైనం నేర్చుకుంటావా అని అడిగితే ఆ కుర్రవాడు నవ్వి, "కొనేవాళ్లుంటే నేర్చుకుంటానండీ" అన్నాడు.